మౌనాన్ని వినే పరిచర్య

ఉద్దేశం

వ్యాధి సోకినప్పుడు వైద్యుని నైపుణ్యం, ఔషధ ప్రభావం అందరికీ కనిపిస్తాయి. రోగి పక్కన నిలిచి, అడిగి, గమనించి, ధైర్యం చెప్పి, జాగ్రత్తలు నేర్పే పరిచర్య మాత్రం తరచుగా మరుగున పడిపోతుంది. వినాళ గ్రంథుల వ్యాధులలో ఈ పరిచర్యకు ఉన్న ప్రాముఖ్యాన్ని గోదావరి డెల్టా జీవిత నేపథ్యంలో వివరించడం, తద్వారా విద్యార్థులలో ఆరోగ్య స్పృహను, సేవాదృష్టిని పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలుతుంది. 1847–1852 సంవత్సరాల మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో అక్కడ ఆనకట్ట నిర్మించిన తరవాత నదీజలాలు కాలువలలోకి, కాలువల నుంచి బోదెలలోకి, బోదెల నుంచి చేలలోకి పారాయి. డెల్టా రైతుకు నీటి విలువతోపాటు నీటిమట్టం విలువ కూడా తెలుసు. మట్టం పెరిగితే చేను మునుగుతుంది. తగ్గితే నేల బీటలు వారుతుంది. లాకు దగ్గర మట్టాన్ని కనిపెట్టి ఉండవలసినవాడు ఏమరితే ఆ నష్టం మైళ్ల దూరంలో ఉన్న శివారు భూమిలో బయటపడుతుంది. మానవ శరీరంలోనూ ఇటువంటి వ్యవస్థ ఒకటి ఉంది. అదే వినాళ గ్రంథుల వ్యవస్థ.

లాలాజల గ్రంథుల వంటి వాటికి స్రావాలను చేరవేసే నాళాలు ఉంటాయి. వినాళ గ్రంథులకు అటువంటి నాళాలు ఉండవు. అవి తయారుచేసే రసాయనాలు నేరుగా రక్తంలో కలిసి, దూరాన ఉన్న శరీరావయవాలను నడిపిస్తాయి. ఆ రసాయనాలకు ‘హార్మోన్’ అనే మాటను 1905లో ఆంగ్ల శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ ప్రవేశపెట్టాడు. మెదడు అడుగున పీయూష గ్రంథి, మెడ ముందుభాగంలో అవటు గ్రంథి, దాని వెనుక అంటిపెట్టుకొని పార్శ్వ అవటు గ్రంథులు, మూత్రపిండాలపై టోపీలవలె అధివృక్క గ్రంథులు, ఉదరంలో క్లోమం ఈ వ్యవస్థలో ముఖ్యమైనవి. అవటు గ్రంథి లోపానికి ఇచ్చే మందును మైక్రోగ్రాములలో, అంటే గ్రాములో పదిలక్షల వంతులలో కొలుస్తారు. ఇంత స్వల్పమైన పదార్థమే మనిషి ఎత్తును, బరువును, నాడివేగాన్ని, నిద్రను, కోపతాపాలను శాసిస్తున్నది.

ఈ వ్యాధుల ప్రత్యేకత మౌనం. ఎముక విరిగినవాడు ఎవరూ అడగకుండానే తన బాధ చెబుతాడు. వినాళ గ్రంథి వ్యాధి ఉన్నవాడికి తాను రోగినన్న సంగతే చాలాకాలం తెలియదు. నీరసాన్ని వయసు మీదికి, దాహాన్ని ఎండ మీదికి, లావెక్కడాన్ని తిండి మీదికి, చిరాకును స్వభావం మీదికి నెట్టి రోజులు గడుపుతాడు. 2005లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 20 గ్రామాలలో, ముప్పై ఏళ్లు, ఆపై వయసున్న నాలుగున్నర వేల మందికి పైగా ప్రజలను పరిశోధకులు పరీక్షించారు. వారిలో 13.2 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. అంతకన్న గమనించవలసిన విషయం మరొకటి. ఆ రోగులలో సగానికి పైగా మందికి తమకు ఆ వ్యాధి ఉన్నట్లు అంతవరకు తెలియనే తెలియదు. చక్కెరవ్యాధి పట్టణాలలోని ధనికులకే వస్తుందన్న అపోహను ఈ సర్వే పటాపంచలు చేసింది. దేశం మొత్తం మీద 10.1 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నదని 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది.

తనకు రోగమున్నదని తెలియనివాని రోగాన్ని ముందుగా గుర్తించేది ఎవరు? ప్రాచీన భారతీయ వైద్యం ఈ ప్రశ్నకు ఆలోచింపదగిన సమాధానం చెప్పింది. చికిత్సకు నాలుగు పాదాలు ఉన్నాయని చరకసంహిత పేర్కొన్నది. అవి వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచర్య విధానం తెలిసి ఉండడం, నేర్పు, అనురాగం, శుచిత్వం అనే నాలుగూ పరిచారకునికి ఉండవలసిన గుణాలు. రోగికీ నాలుగు గుణాలు చెప్పారు. వాటిలో ఒకటి తన బాధను స్పష్టంగా తెలియజెప్పగలగడం. దానినే జ్ఞాపకత్వం అన్నారు. వినాళ గ్రంథుల వ్యాధులు మొదట దెబ్బతీసేది రోగిలోని ఈ గుణాన్నే. అప్పుడు రోగి చెప్పలేనిదానిని రాబట్టే బాధ్యత పరిచారకునిపై పడుతుంది. ఆధునిక నర్సింగ్ శాస్త్రంలో ‘అసెస్‌మెంట్’ అని పిలిచే రోగి పరిశీలన సారాంశం ఇదే.

ఈ పరిశీలన ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం. కోనసీమ పల్లె నుంచి యాభై ఐదేళ్ల కౌలురైతు ఒకరు ఆసుపత్రికి వచ్చారనుకుందాం. వైద్యుని గదిలోకి వెళ్లేముందు నర్సు ఆయనను కూర్చోబెట్టి పలకరించింది.

“బాబాయిగారూ, ఒంట్లో ఎలా ఉందండీ?”

“ఆయ్, ఏమీ లేదండి. కాస్త నీరసం. కాలికి చిన్న పుండండి. నొప్పి కూడా లేదండి.”

“రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తున్నారు?”

“నాలుగైదుసార్లు లేస్తానండి. వయసు కదండీ!”

“కాలి చెప్పు ఎప్పుడైనా తెలియకుండా జారిపోయిందా?”

“మీకెలా తెలిసిందండీ! మొన్న గట్టు మీద ఊడిపోయిందండి. ఇంటికొచ్చాక మా ఆవిడ చూసి చెప్పిందండి.”

‘నొప్పి కూడా లేదండి’ అన్న మాట రైతుకు ఊరట. నర్సుకు ప్రమాద సూచన. పుండు ఉండి నొప్పి లేదంటే పాదంలోని నరాలు స్పర్శను కోల్పోయాయని అర్థం. చెప్పు జారినా తెలియకపోవడం ఆ అనుమానాన్ని బలపరిచింది. రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం రక్తంలో చక్కెర పెరిగిందనడానికి గుర్తు. ఏ యంత్రమూ తాకకముందే, మూడు ప్రశ్నలతో వ్యాధి జాడ దొరికింది.

పరిశీలనలో నాలుగు అంచెలు ఉన్నాయి. మొదటిది వినడం. ఆకలి, దాహం, నిద్ర, బరువులో మార్పు, స్త్రీలలో ఋతుక్రమం, కుటుంబంలో ఇటువంటి వ్యాధులు, వాడుతున్న మందులు అడిగి రాసుకోవాలి. రెండవది చూడడం. చర్మం పొడిబారిందా, మెడ వెనుక నల్లని మందపాటి మచ్చలున్నాయా, కన్నులు ముందుకు పొడుచుకువచ్చాయా, ముఖం ఉబ్బిందా, చేతులు వణుకుతున్నాయా అని గమనించాలి. మూడవది తాకడం. నాడిని, చర్మపు వేడిని, పాదాలలోని రక్తప్రసారాన్ని చేతితో తెలుసుకోవాలి. నాలుగవది కొలవడం. బరువు, నడుము చుట్టుకొలత, రక్తపోటు, రక్తంలో చక్కెర లెక్కలోకి రావాలి. పరగడుపున రక్తంలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, అంతకుమించి చక్కెర ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. లక్షణాలేవీ లేనివారికి మరొకసారి పరీక్షించి నిర్ధారిస్తారు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో ఈ హద్దు 6.5 శాతం. యంత్రం అంకెను మాత్రమే చెబుతుంది. ఆ అంకె వెనుక ఉన్న మనిషిని నర్సు నిశితదృష్టి చూడాలి.

మధుమేహంలో శరీరం లోపల జరిగేదేమిటి? మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. అది కణంలోకి ప్రవేశించి శక్తిగా మారాలి. ఆ శక్తిని కణం ఏ.టి.పి. అనే పదార్థ రూపంలో వాడుకుంటుంది. 1929లో ఈ పదార్థాన్ని వెలుగులోకి తెచ్చినవారిలో 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. చక్కెర కణంలోకి వెళ్లడానికి తలుపు తీసేది క్లోమం స్రవించే ఇన్సులిన్. అది చాలకపోయినా, దాని పని మందగించినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. ఇంటి ముందు ధాన్యపు బస్తాలున్నా తలుపు తెరుచుకోక లోపలివారు పస్తులున్నట్లు కణాలు ఆకలితో అలమటిస్తాయి. రోగి మూత్రానికి చీమలు చేరడాన్ని మన ప్రాచీన వైద్యులు గుర్తించారు. పుట్టుకతో వచ్చేది, అపథ్యం వల్ల వచ్చేది అని సుశ్రుతుడు ప్రమేహాన్ని రెండు విధాలుగా విభజించాడు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడు ఆ మందు పొందిన తొలి రోగి అయ్యాడు. అంతకుముందు ఇటువంటి పిల్లలకు కఠినమైన ఉపవాసాలే చికిత్స. వారి ఆయుష్షు కొద్దికాలమే.

మందు దొరికినంత మాత్రాన ప్రమాదం తొలగదు. దానిని సరిగా వాడడం నేర్పాలి. మన దేశంలో విరివిగా దొరికే ఇన్సులిన్ సీసాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. 100 యూనిట్ల సీసాలు కూడా ఉన్నాయి. 40 యూనిట్ల మందుకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల మందుకు నారింజరంగు మూత సిరంజి వాడాలి. నూరు యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో తీసుకుంటే మోతాదు రెండున్నర రెట్లు పెరిగి ప్రాణాపాయం కలుగుతుంది. అందుచేత సీసా మీది అంకెను, సిరంజి మూత రంగును రోగి చేతనే చదివించి, చెప్పించి, మందు ఎక్కించి చూపించమనడం మంచి నర్సు పద్ధతి. సూది వేసిన చోటనే మళ్లీ మళ్లీ వేస్తే కొవ్వు గడ్డలు కట్టి మందు సరిగా ఒంటికి పట్టదు. కనుక చోటు మారుస్తుండాలి. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనీయకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో నీడపట్టున, తడి ఇసుక మీద ఉంచిన మట్టికుండ కొంతవరకు ఆదుకుంటుంది. ఇల్లు తెలిసిన నర్సు మాత్రమే ఈ సలహా చెప్పగలదు.

చక్కెర పెరగడం ఏళ్లమీద హాని చేస్తే, తగ్గిపోవడం నిమిషాలలో హాని చేస్తుంది. కార్తిక సోమవారాల ఉపవాసం, రంజాన్ మాసపు రోజా, ఊడ్పుల రోజుల్లో వేళతప్పిన భోజనం ఇందుకు తరచైన సందర్భాలు. మాత్ర మానకుండా అన్నం మానితే ఒళ్లంతా చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. చూసేవారు తాగి ఉన్నాడనుకొని పక్కన పడుకోబెడతారు. ఆ పొరపాటుకు ప్రాణమే మూల్యం కావచ్చు. చక్కెర 70 కంటె తగ్గినప్పుడు, స్పృహ ఉన్నవారికి వెంటనే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజ్ గాని నీటిలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల తరవాత మళ్లీ పరీక్షించాలి. తేరుకున్నాక భోజనం పెట్టాలి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయకూడదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. ఇది అత్యవసర స్థితి కనుక 108కి ఫోన్ చేయాలి. ఇందుకు భిన్నంగా, రోగి శ్వాస లోతుగా, వేగంగా సాగుతూ పండ్ల వాసన వేస్తుంటే చక్కెర మితిమీరి రక్తం ఆమ్లమయమైందని అనుమానించాలి. ఆసుపత్రిలో అటువంటి రోగికి ప్రతి గంటకూ చక్కెర, నాడి, మూత్రపరిమాణం నమోదు చేస్తూ, రక్తంలో పొటాషియం తగ్గకుండా కనిపెట్టి ఉండడం నర్సు విధి.

ఇక ఆ కౌలురైతు పాదాల సంగతి. డెల్టాలో పాదం మనిషికి పనిముట్టు. వరిచేలోనూ, రొయ్యల చెరువు గట్టు మీదనూ, వేసవిలో కాలిన తారురోడ్డు మీదనూ నడిచేది ఆ పాదమే. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, చివరికి కాలు తీసివేయవలసి వస్తుంది. కాలు పోయిన కౌలురైతు ఇంట్లో పోయేది కాలొక్కటే కాదు. భూమి చేజారుతుంది, పిల్లల చదువు ఆగుతుంది. దీనిని నివారించే పరీక్ష ఎంతో సులువు. పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును పాదంలో నిర్ణీత స్థానాల వద్ద ఆనించి, రోగిని కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమంటారు. మౌనంగా మిగిలిన చోటే ప్రమాదస్థానం.

పరీక్ష తరవాత నేర్పవలసినవి కొన్ని ఉన్నాయి. రోజూ రాత్రి పడుకునేముందు అద్దం సాయంతో అరికాళ్లు చూసుకోవాలి. చూపు ఆనకపోతే ఇంట్లోవారు చూడాలి. గోరువెచ్చని నీటితో కడిగి వేళ్ల సందులు తుడవాలి. నీటి వేడిని కాలితో కాక మోచేతితో చూడాలి. గోళ్లు తిన్నగా కత్తిరించాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. చెప్పులు తొడిగేముందు దులపాలి. మెత్తని రబ్బరు అట్టతో చేసిన చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలి. అయ్యప్ప దీక్ష పట్టినవారు నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా నడుస్తారు. స్పర్శ పోయిన పాదాలకు ఇది పెద్ద పరీక్ష. నర్సు ఆ భక్తిని కించపరచకూడదు. ‘మీ గురుస్వామిగారితో ఒక్కమాట చెప్పండి, కాలు కాపాడుకుంటేనే కదండీ మళ్లీ ఏడాది కొండకు వెళ్లగలరు’ అని నెమ్మదిగా చెప్పగలగాలి. మందలింపుతో రోగి ఆసుపత్రికి దూరమవుతాడు, ఆత్మీయతతో దగ్గరవుతాడు.

అవటు గ్రంథి వ్యాధులది మరొక కథ. ఈ గ్రంథి మందగిస్తే ఒళ్లు బరువెక్కుతుంది, చలి ఓర్చుకోలేరు, జుట్టు రాలుతుంది, గొంతు బొంగురుపోతుంది, మలబద్ధకం, మతిమరపు తోడవుతాయి. ఈ వ్యాధి స్త్రీలలో ఎక్కువ. వేకువనే లేవలేని కోడలిని ఇంట్లోవారు బద్ధకస్తురాలంటారు. నాడి నెమ్మదించడం, చర్మం పొడిబారడం గమనించి ‘ఇది బద్ధకం కాదు, జబ్బు’ అని కుటుంబానికి చెప్పిన నర్సు ఆమెకు మందుతోపాటు మర్యాదను కూడా తిరిగి ఇస్తుంది. ఈ మాత్రను పరగడుపున మంచినీళ్లతోనే వేసుకొని, కాఫీకైనా ఫలహారానికైనా అరగంట నుంచి గంట వరకు ఆగాలి. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ చిన్న విషయం తెలియక ఏళ్ల తరబడి మందు వాడినా ఫలితం పొందనివారున్నారు.

గ్రంథి అతిగా పనిచేస్తే బాగా తింటున్నా బరువు తగ్గుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఉక్కపోత భరించలేరు, కన్నులు ముందుకు వస్తాయి. వీరికి చల్లని, ప్రశాంతమైన గది, పుష్టికరమైన ఆహారం, కంటికి రక్షణ అవసరం. శస్త్రచికిత్స జరిగితే తొలి గంటలు కీలకమైనవి. మెడ ముందు కట్టు శుభ్రంగా కనిపించినా రక్తం వెనుకకు జారి మెడ కింద చేరవచ్చు. అందుకే నర్సు మెడ వెనుకకు చేయి పోనిచ్చి చూస్తుంది. శ్వాసలో గురక, స్వరంలో మార్పు వినిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా వైద్యునికి చెప్పాలి. పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి ఉందా అని అడగాలి. పార్శ్వ అవటు గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోయిందనడానికి అది తొలి గుర్తు.

మౌనంలోకెల్లా మౌనం పసికందుది. పుట్టుకతోనే అవటు గ్రంథి పనిచేయని శిశువు మొదటి వారాలలో ‘ఏడవని మంచి బిడ్డ’ అనిపించుకుంటుంది. సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఈ లోపం ఉండవచ్చు. మడమ నుంచి తీసిన నాలుగు రక్తపు చుక్కలతో దీనిని కనిపెట్టవచ్చు. తొలి రెండు వారాలలో మందు మొదలుపెడితే బిడ్డ అందరిలా చదువుకుంటుంది. ఆలస్యమైతే బుద్ధిమాంద్యం మిగిలిపోతుంది. గర్భిణి ఆహారంలో అయోడిన్ లోపించకపోవడం కూడా అవసరం. గాయిటర్ నివారణకు మన దేశం 1962లోనే జాతీయ కార్యక్రమం చేపట్టింది. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడాన్ని 2006 నుంచి నిషేధించారు.

అధివృక్క గ్రంథుల వ్యాధులు అరుదైనవైనా పల్లెలలో వాటికి దగ్గరి స్థితి ఒకటి కనిపిస్తుంది. కీళ్లనొప్పులకూ ఆయాసానికీ స్టెరాయిడ్ మాత్రలను సలహా లేకుండా నెలల తరబడి వాడేవారి ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చర్మం పలచబడుతుంది, చక్కెర పెరుగుతుంది. భయపడి హఠాత్తుగా మానితే అప్పటికే నిద్రపోయిన గ్రంథి మేలుకోలేక రక్తపోటు పడిపోతుంది. కాబట్టి ‘ఏ మాత్రలు వాడుతున్నారు?’ అని అడిగి, ఖాళీ అట్టలనైనా తెమ్మని చెప్పడం పరిశీలనలో భాగం. పీయూష గ్రంథి లోపం వల్ల రోజుకు బిందెడు మూత్రం పోసే రోగి విషయంలో తాగిన నీటిని, పోయిన నీటిని కొలిచి రాయడమే అత్యంత విలువైన పరిచర్య.

ఆహారం దగ్గర నర్సు పని మరింత సున్నితమైనది. ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా, మూడుపూటలా వరి అన్నం ఈ నేల సంస్కృతి. ‘అన్నం మానండి’ అనే సలహా ఇంటి గడప దాటదు. అన్నం కొలత తగ్గించి, పప్పు, ఆకుకూర, గోదావరి చేప పెంచమనడం ఆచరణకు వస్తుంది. తీపి పండుగనాటి రుచిగా ఉండాలి గాని నిత్యభోజనం కాకూడదు. నడక కూడా ఔషధమే. ప్రమేహ రోగి ఎంతో దూరం నడవాలని సుశ్రుతుడు ఏనాడో విధించాడు.

1947లో వచ్చిన చట్టం ద్వారా భారత నర్సింగ్ మండలి ఏర్పడి నర్సింగ్ విద్యకు దేశమంతటా ఒక ప్రమాణం వచ్చింది. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వెలసింది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. పల్లెలోని ఆరోగ్యోపకేంద్రంలో ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, నర్సింగ్ పట్టభద్రులు ఇంటింటి ఆరోగ్యాన్ని గమనిస్తున్నారు. అబ్బాయిలూ అమ్మాయిలూ ఈ వృత్తిలో చేరుతున్నారు. భవనాలు, యంత్రాలు ఎన్ని వచ్చినా రోగి పాదాల ముందు మోకాళ్ల మీద కూర్చొని వేళ్ల సందులు చూసే మనిషి అవసరం తీరదు.

ఆ కౌలురైతు పుండు నెలన్నరకు మానిందనుకుందాం. ఆయన తన కాలు నిలబెట్టినవారెవరని తలచుకుంటే మందు పేరు గుర్తుకు రాకపోవచ్చు. ‘చెప్పు జారిందా’ అని అడిగిన గొంతు మాత్రం గుర్తుంటుంది. శరీరం తన బాధను చెప్పలేనప్పుడు దాని తరఫున వినేవారొకరు ఉండాలి. ఆ వినికిడే రోగోపశమనానికి తొలి మెట్టు.

కఠిన పదాలు – అర్థాలు

వినాళ గ్రంథులు = నాళాలు లేని గ్రంథులు
పరిచర్య = సేవ, రోగికి చేసే ఉపచారం
అవటు గ్రంథి = థైరాయిడ్ గ్రంథి
అధివృక్క గ్రంథులు = మూత్రపిండాల పైనుండే గ్రంథులు
క్లోమం = ఇన్సులిన్‌ను స్రవించే అవయవం
అపథ్యం = ఆరోగ్యానికి సరిపడని ఆహారం, అలవాట్లు
ప్రమేహం = మూత్రసంబంధమైన వ్యాధి; మధుమేహం ఇందులో ఒక భేదం
నిశితదృష్టి = సూక్ష్మమైన చూపు
శివారు భూమి = కాలువ చివరనున్న పొలం
ఉపశమనం = తగ్గుదల, శాంతి

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వినాళ గ్రంథుల వ్యాధులను ‘మౌనరోగాలు’ అని ఎందుకు అనవచ్చునో పాఠం ఆధారంగా వివరించండి.
2. మధుమేహ రోగి పాదాల సంరక్షణలో నర్సు పాత్రను విశదీకరించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. చరకసంహిత చెప్పిన చికిత్స నాలుగు పాదాలు ఏవి? పరిచారకుని గుణాలేవి?
2. రోగి పరిశీలనలోని నాలుగు అంచెలను తెలపండి.
3. రక్తంలో చక్కెర హఠాత్తుగా తగ్గినప్పుడు ఏమి చేయాలి? ఏమి చేయకూడదు?
4. మీ ఇంట్లో గాని, వీధిలో గాని చక్కెరవ్యాధి ఉన్న పెద్దలకు ఈ పాఠం నుంచి మీరు చెప్పగల మూడు జాగ్రత్తలు రాయండి.

III. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. “నొప్పి కూడా లేదండి.”
2. “ఇది బద్ధకం కాదు, జబ్బు.”
3. “మౌనంగా మిగిలిన చోటే ప్రమాదస్థానం.”

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘హార్మోన్’ అనే మాటను ప్రవేశపెట్టినవారెవరు?
2. ఎల్లాప్రగడ సుబ్బారావు ఎక్కడ జన్మించాడు?
3. ఇన్సులిన్‌ను మొదట పొందిన రోగి ఎవరు?
4. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడాన్ని ఎప్పటినుంచి నిషేధించారు?

V. సంధులు
శరీరావయవాలు = శరీర + అవయవాలు : సవర్ణదీర్ఘ సంధి
రోగోపశమనం = రోగ + ఉపశమనం : గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశ సంధి

VI. సమాసాలు
కోపతాపాలు – కోపమును, తాపమును : ద్వంద్వ సమాసం
నాలుగు పాదాలు – నాలుగైన పాదాలు : ద్విగు సమాసం
నిశితదృష్టి – నిశితమైన దృష్టి : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాడివేగం – నాడి యొక్క వేగం : షష్ఠీ తత్పురుష సమాసం